‘పునరనుసరణ’: పదం, ప్రయోగం

ముందు పదాన్ని విడదీసి చూడండి. పునః, అనుసరణ కలిస్తే పునరనుసరణ. ఒకసారి అనుసరించినదాన్ని మళ్లీ అనుసరించడం అని అర్థం. చిక్కంతా ఆ ‘మళ్లీ’ దగ్గరే ఉంది. పునర్ముద్రణలో ఉన్నదే తిరిగి వస్తుంది; పునర్నిర్మాణంలో ఉన్నది మారుతుంది. పునరనుసరణ రెండో కోవకు చెందుతుందని నా అభిప్రాయం. పాత సినిమాను సన్నివేశాల వరుస చెడకుండా మళ్లీ తీస్తే రీమేక్ అనే మాట ఉండనే ఉంది. దానికి ఇంత బరువైన సమాసం అక్కర్లేదు.

‘మాయాబజార్’ తీసుకోండి. 1957లో కె.వి. రెడ్డి దర్శకత్వంలో వచ్చిన ఈ చిత్రాన్ని మహాభారతానికి అనుసరణ అని జవాబుపత్రాల్లో రాస్తుంటారు. అది సరికాదు. వ్యాసభారతంలో శశిరేఖ లేదు. అక్కడ అభిమన్యుడి భార్య ఉత్తర. బలరాముడి కూతురితో అతని పెళ్లి జనం నోటా, రంగస్థలం మీదా పెరిగిన కథ. సురభి సమాజాలు దాన్ని ఆడాయి. 1936లోనే పి.వి. దాస్ దర్శకత్వంలో సినిమాగా కూడా వచ్చింది. కాబట్టి 1957 చిత్రం శశిరేఖా పరిణయ కథకు పునరనుసరణ. దేనికి అనుసరణో సరిగా చెప్పకపోతే, ఆ కథను పెంచి పోషించిన నాటకాలవాళ్ల శ్రమ వ్యాసుడి ఖాతాలో పడిపోతుంది.

మూలం చెప్పాక కొత్తదనం చూపాలి. ఈ చిత్రంలో పాండవులు తెరమీద కనబడరు. వాళ్లు రాజ్యం పోగొట్టుకోవడమే పెళ్లికి అడ్డంకి అవుతుంది. శశిరేఖగానూ, ఆమె రూపం దాల్చిన ఘటోత్కచుడిగానూ సావిత్రే నటించారు. నాటకశాలలో వెనక వరసలో కూర్చున్నవాళ్లకు అందని కనుబొమల కదలిక కెమెరాకు అందింది. ఇక పింగళి నాగేంద్రరావు సంభాషణల్లో సంస్కృత ‘అస్మదీయ’ కాస్తా ‘అసమదీయులు’ అయి, దానికి జోడీగా ‘తసమదీయులు’ పుట్టుకొచ్చింది. కథతోపాటు మాటనూ మలుచుకోవడమిది. నాకు ఈ చిత్రంలో అన్నిటికంటే ఇష్టమైన సంగతి కూడా ఇదే.

ఒక జాగ్రత్త. 1897లో అచ్చయిన కన్యాశుల్కాన్ని గురజాడ 1909 ప్రచురణకు బాగా పెంచి తిరగరాశారు. దీన్ని పునరనుసరణ అనకండి. రచయిత తన కృతినే మార్చుకుంటే అది పునారచన. మన పదానికి మరో చేయో, మరో మాధ్యమమో కావాలి.

అభ్యాసం: శరత్ బెంగాలీ నవల ‘దేవదాసు’ తెలుగులో 1953లోనూ, 1974లోనూ సినిమాగా వచ్చింది. రెండోది నవలకు పునరనుసరణా, మొదటి చిత్రానికి రీమేకా? నవల తెలుగు అనువాదం చదివి, రెండు చిత్రాలూ చూసి, కనీసం మూడు సన్నివేశాలు ఆధారంగా చూపుతూ రాయండి.