మందం ఎంత?

ఎవరైనా ఒక ఉక్కు గురించి చెబుతూ "దీని ఫ్రాక్చర్ టఫ్‌నెస్ ఇంత" అనగానే నా నోట ముందుగా వచ్చే ప్రశ్న: "మందం ఎంత?" లోహాలను విరిచి చూడటమే వృత్తి అయినవాళ్లకు ఇది అలవాటే. సాంద్రతకు, కరిగే ఉష్ణోగ్రతకు ముక్క సైజుతో పనిలేదు. పగులు ఉన్న లోహం ఎంతవరకు ఓర్చుకుంటుందన్న లెక్క మాత్రం ఎంత ముక్కను, ఏ ఆకారంలో లాగి చూశామన్నదాన్ని బట్టి మారిపోతుంది.

ఈ పరీక్షకు వాడే కాంపాక్ట్ టెన్షన్ స్పెసిమెన్ విరిగాక అందులో సగాన్ని చేతిలోకి తీసుకుని చూడండి. మొదట మెషీన్ కోసిన గాడి. దాని వెంటే సన్నగా, నునుపుగా ఒక పట్టీ. పరీక్షకు ముందు వేలసార్లు లాగి వదిలి పెంచిన ఫెటీగ్ పగులు అది. అసలు విరుపు ఆ పట్టీ దాటాకే. నడిమధ్య బల్లపరుపుగా, గరుకుగా ఉంటుంది. రెండు అంచుల దగ్గర మాత్రం సుమారు 45 డిగ్రీల వాలుతో పైకి లేచి, వేలితో రాస్తే తగులుతుంది. వీటినే షియర్ లిప్స్ అంటాం. పలచటి ముక్కలో ఆ వాలే మొత్తం ఆక్రమిస్తుంది. మందం పెరిగేకొద్దీ అంచులకే పరిమితమవుతుంది.

అంచున ఉన్న లోహానికి పక్కన గాలి తప్ప ఏమీ లేదు. లాగితే కుంచించుకుంటుంది, సాగుతుంది, ఆ సాగడంలోనే శక్తి ఖర్చవుతుంది. లోపలి లోహానికి ఆ వెసులుబాటు లేదు. ఇరుగుపొరుగు లోహం దాన్ని కుంచించుకోనివ్వదు కాబట్టి మూడు దిక్కులా లాగుడే. ఈ కట్టడినే బిగువు అంటాం. పగులు కొనకు కాస్త ముందు స్ట్రెస్, ఈల్డ్ స్ట్రెంత్‌కు (లోహం శాశ్వతంగా సాగడం మొదలయ్యే స్ట్రెస్‌కు) దాదాపు మూడింతలకు చేరుతుంది. సాగే దారిలేక లోహం చీలుతుంది. అందుకే పలచటి ముక్క ఎక్కువ టఫ్‌నెస్ చూపిస్తుంది. మందం పెంచుతూ పోతే ఆ విలువ తగ్గుతూ వచ్చి ఒకచోట నిలుస్తుంది. అలా నిలిచిన విలువే కె-వన్-సి.

1950ల చివర్లో అమెరికా నౌకాదళపు పొలారిస్ క్షిపణి మోటారు కేసులు నీటి పీడన పరీక్షల్లోనే పగిలాయి. మామూలు టెన్సైల్ పరీక్షలో ఆ ఉక్కు బలానికి వంక పెట్టలేం. దీన్ని తేల్చడానికి 1959లో అమెరికా ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం ప్రత్యేక కమిటీ వేసింది. 1970లో ఇ399 పరీక్షా విధానం వెలువడింది. అందులో నాకు ఎంతో గౌరవం ఉన్న షరతు ఒకటుంది. టఫ్‌నెస్‌ను ఈల్డ్ స్ట్రెంత్‌తో భాగించి, వర్గం చేసి, 2.5తో గుణించండి. ఆ తొలి విధానం ప్రకారం ముక్క మందం, పగులు పొడవు రెండూ అంతకు తగ్గకూడదు. చిక్కేమిటంటే, మందం సరిపోయిందో లేదో విరిచాక గానీ తెలియదు. అప్పటిదాకా వచ్చిన విలువను కె-క్యూ అని తాత్కాలికంగానే రాసుకోవాలి. ఆ తాత్కాలిక విలువను రిపోర్టులో కె-వన్-సి అని దిద్దేయడం నా దృష్టిలో చిన్న తప్పు కాదు.

హైదరాబాద్ మిధాని నుంచి ఇస్రో రాకెట్ల మోటారు కేసులకు వెళ్లే మారేజింగ్ ఉక్కునే తీసుకోండి. ఈల్డ్ స్ట్రెంత్ 1700 మెగాపాస్కల్స్, టఫ్‌నెస్ 90 మెగాపాస్కల్ రూట్ మీటర్ అనుకుంటే 7 మిల్లీమీటర్ల మందం చాలు. అదే అణు రియాక్టర్ పాత్రల ఉక్కులో ఈల్డ్ 480, టఫ్‌నెస్ 200 అనుకుంటే కావాల్సిన మందం 43 సెంటీమీటర్లు! అంత ముక్కను లాగే మెషీన్ ఎక్కడ దొరుకుతుంది? అయినా అమెరికాలో ఓక్ రిడ్జ్ ప్రయోగశాల నడిపిన కార్యక్రమంలో 12 అంగుళాల మందం ముక్కలను నిజంగానే విరిచారు. ప్రామాణిక కొలతల ప్రకారం అలాంటి ముక్క ఒక్కటే టన్నుకు పైగా తూగుతుంది. 1968లో జేమ్స్ రైస్, పగులు కొన దగ్గరి శక్తిని లెక్కగట్టే జె-ఇంటెగ్రల్‌ను అందించాక ఇలాంటి సాగే ఉక్కులను చిన్న ముక్కలతో కొలిచే దారి తెరుచుకుంది.

అక్కడితో సైజు బెడద తీరలేదు. ఉష్ణోగ్రత తగ్గి ఉక్కు పెళుసుబారే దశలో మరో కారణం తోడవుతుంది. క్లీవేజ్ అనే ఈ పెళుసు విరుపు మొదలవడానికి పగులు కొన వెంట ఎక్కడో ఒక్క బలహీనమైన కణం చాలు. గొలుసు పొడవు పెరిగితే నాసి లంకె తగిలే అవకాశం పెరిగినట్టే, పగులు కొన పొడవైతే అలాంటి కణం తగిలే అవకాశం పెరుగుతుంది. ఫిన్లాండ్‌కు చెందిన కిమ్ వాలిన్ దీన్ని లెక్కలోకి దించాడు. 4 మిల్లీమీటర్ల ముక్క 100 మెగాపాస్కల్ రూట్ మీటర్ టఫ్‌నెస్ చూపిస్తే, 25 మిల్లీమీటర్ల ముక్కకు ఆశించాల్సింది సుమారు 70. పగులు కొన 200 మిల్లీమీటర్లుంటే 50 మాత్రమే. ఉక్కు అదే, ఉష్ణోగ్రతా అదే.

ఆకారం సంగతీ ఇంతే. లోతైన పగులున్న ముక్కను వంచితే లోపలి బిగువు ఎక్కువ, విలువ తక్కువ. పైపై పగులున్నదాన్ని లాగితే విలువ పెరుగుతుంది. పైప్‌లైన్ వాళ్లు తమ గొట్టాల్లోని పగులుకు దగ్గరగా ఉండాలని లాగే స్పెసిమెన్‌లను వాడతారు. పైప్ కోసం కొలిచిన ఆ విలువను మందపాటి పాత్రకు వర్తింపజేయడం మాత్రం ప్రమాదం.

ఇప్పుడు రియాక్టర్ల నిఘాలో చిన్న ముక్కలకే గిరాకీ. ఏళ్ల తరబడి న్యూట్రాన్ల తాకిడిలో ఉన్న ఉక్కు కొద్దిగానే ఉంటుంది. చార్పీ ఇంపాక్ట్ పరీక్షలో విరిగిన ముక్కల్లోంచే 4 మిల్లీమీటర్ల మందం బుల్లి స్పెసిమెన్‌లు కోస్తున్నారు. నేను ఈ పద్ధతికి అనుకూలమే. అయితే ముక్క ఎంత చిన్నదైతే పరీక్షను అంత చల్లటి ఉష్ణోగ్రతలో చేయాలి, లేకపోతే బిగువు సడలిపోతుంది. చెల్లని ఫలితాలు ఎక్కువే వస్తాయి కాబట్టి ముక్కలు కూడా మిగులుగా కోసుకోవాలి.