ఎకరాల లెక్క, ఇంటి లెక్క

తెలంగాణలో రైతులకు పెట్టుబడి సాయమిచ్చే రైతుబంధు పథకం 2018 మే 10న హుజూరాబాద్‌లో మొదలైంది. దానికి కొలత ఎకరం. ఆంధ్రప్రదేశ్ రైతు భరోసా 2019 అక్టోబరు 15న నెల్లూరు జిల్లాలో మొదలైంది. దానికి కొలత కుటుంబం. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, రైతంటే ఎవరన్న ప్రశ్నకు రెండు ప్రభుత్వాలూ ఏం జవాబిచ్చాయో తెలుస్తుంది.

ముందు డబ్బు సంగతి. రైతుబంధు మొదట పంటకు ఎకరానికి 4,000 రూపాయలు, మరుసటి ఏడాది నుంచి 5,000; అంటే ఏడాదికి 10,000. రైతు భరోసా కింద కుటుంబానికి ఏడాదికి 13,500 వచ్చేది. చాలామంది ఈ అంకెల్ని ఉన్నవి ఉన్నట్టే పోలుస్తారు. అది తప్పు. 13,500లో 6,000 కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ సొమ్ము. తెలంగాణలో అర్హులైన కుటుంబాలకు ఆ 6,000 విడిగా వచ్చేది. రాష్ట్ర ఖజానా నుంచి కదిలింది మాత్రమే చూస్తే ఆంధ్రలో ఇంటికి 7,500, తెలంగాణలో ఎకరానికి 10,000. 75 సెంట్ల దగ్గర, తెలంగాణ లెక్కలో 30 గుంటల దగ్గర, రెండూ సమానం. అది దాటాక రెండెకరాల ఆసామికి తెలంగాణలో 20,000, ఇరవై ఎకరాల ఆసామికి 2,00,000. ఆంధ్రలో ఇద్దరికీ అదే 7,500.

ఎకరం లెక్కలో న్యాయం లేదనను. విత్తనం, ఎరువు, దుక్కి ఖర్చు ఎకరాన్ని బట్టే పెరుగుతాయి. కానీ గరిష్ఠ పరిమితి పెట్టకపోవడం, బీడు పడ్డ భూమికీ ఇవ్వడం పెద్ద లోపాలు. 2025లో తెలంగాణ కొత్త ప్రభుత్వం రైతుబంధు పేరును రైతు భరోసాగా మార్చి ఏడాదికి ఎకరానికి 12,000 చేసినప్పుడు, సాగుకు పనికిరాని భూముల్ని తీసేసింది. పరిమితి మాత్రం అప్పుడూ పెట్టలేదు.

అసలు పరీక్ష కౌలు రైతు దగ్గర. రైతుబంధు అతణ్ని లెక్కలోకే తీసుకోలేదు. పాసుపుస్తకం ఎవరి పేర ఉంటే డబ్బు వాళ్లకే. తెలంగాణ ధరణి భూ రికార్డుల్లో అనుభవదారు కాలమ్ కూడా లేకుండా పోయింది. పట్నంలో ఉండే పట్టాదారు ఖాతాలో పెట్టుబడి సాయం పడేది, పొలంలో దిగినవాడు కౌలూ కట్టి, పెట్టుబడికి అప్పూ తెచ్చేవాడు.

ఆంధ్ర ఇక్కడ ఒక అడుగు ముందుకేసింది. 2019లోనే పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చి, 11 నెలల ఒప్పందంతో కౌలుదారుకు కార్డు ఇచ్చింది. భూమిలేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదార్లకు 13,500 మొత్తం రాష్ట్రమే భరిస్తానంది. మాట మంచిదే. కానీ కార్డు రావాలంటే ఒప్పందం మీద భూయజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి చేజారుతుందేమోనని యజమాని భయం. అడిగితే వచ్చే ఏడు కౌలుకివ్వడేమోనని కౌలుదారు భయం. ఈ రెండు భయాల మధ్య చట్టం కాగితంగానే ఆగిపోయిన ఊళ్లెన్నో. పైగా ఓసీ కౌలుదార్లకు మొదటినుంచీ తలుపు మూసే ఉండేది. అప్పుకు, ఎండకు కులం తేడా ఉండదు కదా!

అమెరికా పంట సాయం నిబంధనల్లో మనం గమనించాల్సిన పద్ధతి ఒకటుంది. భూమిని రొక్కానికి కౌలుకిస్తే సాయం సాగుచేసే కౌలుదారుది. పాలుకిస్తే నష్టభయం ఇద్దరిదీ కనుక ఇద్దరూ పంచుకుంటారు. అక్కడ సాయానికి ఉన్న పరిమితిని తప్పించుకునే దారులు లేవని కాదు. కానీ నష్టం ఎవరి నెత్తినో సాయం వాళ్లకేనన్న సూత్రం సరైనది.

పంపిణీలో తెలంగాణది తేలికైన దారి, ఆలోచనలో ఆంధ్రది మెరుగైన దారి అని నా తీర్పు. కౌలు రైతు విషయంలో మాత్రం రెండూ యజమాని దగ్గరే ఆగాయి. ఏ సర్వే నంబరులో ఏ పంట ఉందో ఊరి వ్యవసాయ సిబ్బంది ప్రతి సీజన్లో నమోదు చేస్తూనే ఉన్నారు. ఆ నమోదులో పంట వేసినవాడి పేరు రాయండి. ఆ పేరుకే, పదెకరాల పరిమితితో, సాయం పంపండి. యజమాని సంతకం అడగకండి.