మోక్షగుండం ఇంజనీరు, రామేశ్వరం ఇంజనీరు

సెప్టెంబరు 15న ఇంజనీర్ల దినోత్సవం వస్తే విశ్వేశ్వరయ్య మావాడేనని పశ్చిమ ప్రకాశంలో చెప్పుకుంటాం. అందులో అబద్ధమేమీ లేదు. ఆయన ఇంటిపేరు బేస్తవారిపేట మండలం మోక్షగుండానిదే. పూర్వీకులు ఎప్పుడో వలసపోయారు, ఆయన పుట్టి పెరిగింది మాత్రం మైసూరు సీమలో. వలసపోవడం మావాళ్లకు కొత్తా ఏమన్నానా!

కాలేజీ మెట్లెక్కబోయే పిలకాయలకు బహుమతిగా ఇచ్చే పుస్తకాల్లో ఆత్మకథలు ఎక్కువ. వాటిలో ఇద్దరు ఇంజనీర్లవి పక్కపక్కన పెట్టి చదివితే ఒక తమాషా కనపడుతుంది. ఒకటి విశ్వేశ్వరయ్య 1951లో, తొంభయ్యో పడిలో అడుగుపెట్టే వేళ వెలువరించిన 'మెమాయిర్స్ ఆఫ్ మై వర్కింగ్ లైఫ్'. రెండోది అబ్దుల్ కలాం అరుణ్ తివారీతో కలిసి 1999లో తెచ్చిన 'వింగ్స్ ఆఫ్ ఫైర్'. వాడ్రేవు చినవీరభద్రుడు దాన్ని 'ఒక విజేత ఆత్మకథ'గా తెలుగు చేశారు. పదిహేనేళ్లప్పటి తమను ఎదురుగా కూర్చోబెట్టుకుంటే ఈ పెద్దమనుషులు ఏం చెబుతారు?

విశ్వేశ్వరయ్య ఏమీ చెప్పడు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. బెంగళూరు సెంట్రల్ కాలేజీలో చదువుతూ, ఒక కొడగు కుటుంబం పిల్లలకు పాఠాలు చెప్పి పొట్ట పోసుకున్నాడు. 1881లో బీఏ, ఆపైన మైసూరు ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో పూణే, 1883లో ఇంజనీరింగు పరీక్షలో మొదటి స్థానం. ఈ కష్టాన్ని ఆయన కరెంటాఫీసు లెడ్జరులా క్లుప్తంగా దాటేస్తాడు. ఆకలి వేసిందా, భయమేసిందా అన్నది మనం ఊహించుకోవలసిందే. ఆనకట్టలూ పరిశ్రమలూ వచ్చేసరికి గానీ ఆయన కలం నిదానించదు.

కలాం అలా కాదు, అంతా చెబుతాడు. 1950లో తిరుచ్చి సెయింట్ జోసెఫ్ కాలేజీలో ఇంటర్‌లో చేరి, అక్కడే బీఎస్సీ ఫిజిక్స్ చదివాడు. డిగ్రీ చేతికొచ్చాక గానీ అది తన సబ్జెక్టు కాదని తెలియలేదట. ఇంటర్ కాగానే ఇంజనీరింగుకు పోయి ఉండాల్సిందని ఒప్పుకుంటాడు. ఆలస్యమైనా మంచిదేలెమ్మని ఆ వెంటనే సర్దుకుంటాడు కూడా. నాకు నచ్చని సర్దుబాటు ఇది. ఎందుకంటే ఆ ఆలస్యానికి కారణం కూడా ఆయనే రాశాడు: వేరే దారులున్నాయని ఆ వయసులో ఆయనకు చెప్పినవాళ్లు లేరు. తీరా ఇంజనీరింగు విద్యార్థులకు సలహా ఇచ్చేటప్పుడు మాత్రం, మీరు ఎంచుకునే శాఖ మీ లోపలి ఆకాంక్షకు సరిపోతుందా చూసుకోండి అంటాడు. తనకు కావలసింది సమాచారం, పిల్లలకు ఇచ్చింది అంతర్వాణి. డిగ్రీ దాకా తనకు వినపడని గొంతును పదిహేనేళ్లవాడు వినాలంటే ఎట్లా?

మా వైపు హనుమంతునిపాడులో పది పాసయినవాడికి కలాంకు దొరికిన ఆ నాలుగేళ్ల గడువు కూడా లేదు. రిజల్టు వచ్చిన వేసవిలోనే ఎంపీసీనా బైపీసీనా తేలిపోవాలి. ట్రిపుల్ ఐటీ సీటైతే పదో తరగతి మార్కుల మీదే. తేల్చుకునేలోపు కాలేజీల పీఆర్వోలు గడపలో కూర్చుంటారు. వాళ్లకు ఆకాంక్షతో పనిలేదు. ఇలాంటివాడికి విశ్వేశ్వరయ్య ముక్తసరి పేజీలే ఒక రకంగా నయం. ట్యూషను, స్కాలర్‌షిప్పు, ఆదరించిన ప్రిన్సిపాలు: దారి ఎట్లా దొరికిందో అందులో తెలుస్తుంది.

ఒక్క చోట మాత్రం రెండు పుస్తకాల్లోకీ కలాందే పైచేయి. మద్రాసు ఎంఐటీలో చేరడానికి వెయ్యి రూపాయల దాకా కావలసి వస్తే అక్క జోహరా గాజులూ గొలుసూ తాకట్టు పెట్టింది. నా సంపాదనతోనే విడిపిస్తానని ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. చదువుకు డబ్బు ఎవరి ఒంటి మీదనుంచి వచ్చిందో పేరు పెట్టి చెప్పడం మన ఆత్మకథల్లో అరుదు. ఎంఐటీలో దొరికిన స్కాలర్‌షిప్పే తర్వాత ఆయన మెడకు ఉరి అయింది. విమానం డిజైను మూడు రోజుల్లో పూర్తిచేయకపోతే స్కాలర్‌షిప్పు ఆపేస్తానన్నాడు ప్రొఫెసర్ శ్రీనివాసన్. నిద్ర మాని, తిండి మాని కలాం పూర్తిచేశాడు. ప్రొఫెసరు కౌగిలించుకున్నాడు. కలాం దాన్ని గొప్ప పాఠంగా గుర్తుంచుకున్నాడు. కార్పొరేట్ హాస్టళ్లలో అర్ధరాత్రి దాకా స్టడీ అవర్లు నడిపేవాళ్లు ఈ కథ చెప్పడానికి మహా ఇష్టపడతారు, అందుకే నాకు అనుమానం. కౌగిలింత దొరకని పిల్లల కథ ఏ విజేతా రాయడు.

జోహరా మాత్రం ఏం చదివిందో, ఏం చదవాలనుకుందో ఆ ఘట్టంలో కనపడదు. ఈ పుస్తకాన్ని బహుమతిగా అందుకునే మా వైపు ఆడపిల్ల ఆ పేజీని తమ్ముడి వైపునుంచి చదువుతుందా, అక్క వైపునుంచి చదువుతుందా అన్నది ఆ ఏడు కనిగిరి వేలంలో వాళ్ల పొగాకు ఎంతకు పోయిందన్నదాన్ని బట్టి ఉంటుంది.