తప్పు బ్యాటరీదేనా?

పాత మోటారు సైకిలు పొద్దున్నే మొరాయిస్తే మొదటి నింద బ్యాటరీ మీదే పడుతుంది. సెల్ఫ్ నొక్కితే టక్కుమని ఆగిపోతుంది. హారన్ గొంతు పూడుకుపోతుంది. ఇండికేటర్ వెలుగుతుందే గానీ కొట్టుకోదు. యజమాని వెళ్లి కొత్త బ్యాటరీ వేయించుకుంటాడు. కొన్నాళ్లు బండి హాయిగా నడుస్తుంది, తరువాత మళ్లీ అదే మొరాయింపు. కంపెనీని తిట్టుకుంటూ ఇంకో బ్యాటరీ కొంటాడు. అసలు లోపం మాత్రం ఇంజను పక్క మూతలోనో, సీటు కింద చిలుము పట్టిన సాకెట్లోనో అలాగే ఉండిపోతుంది.

ఆ లోపాన్ని వెతికి పట్టుకోవడం ఒక విద్య. గుంటూరు ఆటోనగర్‌లోనూ, నరసరావుపేట, చిలకలూరిపేట, సత్తెనపల్లి, అద్దంకి, ఒంగోలు రోడ్ల పక్కన ‘ఆటో ఎలక్ట్రికల్స్’ బోర్డు కట్టిన చిన్న చిన్న షాపుల్లోనూ ఆ విద్య బతుకుతోంది. ఇంజను విప్పే మెకానిక్ వేరు, వైరింగు చూసే ఎలక్ట్రీషియన్ వేరు. మొదటివాడికి రెంచీలు ఆయుధమైతే, రెండోవాడికి రెండు వైర్లు అతికించిన టెస్ట్ బల్బు, ఒక మల్టీమీటరు, అన్నిటికంటే ముఖ్యంగా ఏది ముందు చూడాలి, ఏది తరువాత చూడాలి అన్న వరుస.

ఈ వరుస ఎవరో పుస్తకంలో రాసిస్తే వచ్చింది కాదు. తరాల బళ్లు నేర్పిన పాఠం. 1955 నుంచి మద్రాసులో తయారైన ఎన్‌ఫీల్డ్ బుల్లెట్, 1961లో మైసూరులో మొదలైన జావా, 1973లో అదే ఫ్యాక్టరీ నుంచి కొత్త పేరుతో వచ్చిన యెజ్డీ, ఎస్కార్ట్స్ వారి రాజ్‌దూత్, 1985లో దిగిన యమహా ఆర్‌ఎక్స్ 100, హీరో హోండా సీడీ 100, 1994లో వచ్చిన స్ప్లెండర్... పత్తి, మిర్చి పొలాలకు వెళ్లే బాటల మీద ఇవన్నీ తిరిగాయి. కొన్ని ఏపీ 07, ఏపీ 27 నంబర్లతో ఇప్పటికీ తిరుగుతున్నాయి. ఒక్కో బండికి కరెంటు పుట్టించుకునే పద్ధతి ఒక్కోలా ఉండేది.

మూల సూత్రం మాత్రం అన్నిటికీ ఒకటే. కదిలే అయస్కాంతం పక్కన రాగి చుట్ట ఉంటే అందులో కరెంటు పుడుతుందని ఫారడే 1831లో చూపించాడు. 1859లో ప్లాంటే సీసం పలకలు, ఆమ్లంతో మళ్లీ మళ్లీ చార్జి చేసుకునే బ్యాటరీ కట్టాడు. బండిలో ఈ రెంటినీ కలిపారు. చాలా బళ్లలో ఇంజనుతో పాటు మాగ్నెట్ తిరుగుతుంది, లోపలి కాయిల్‌లో ఏసీ కరెంటు పుడుతుంది, రెక్టిఫైర్ దాన్ని డీసీగా మారుస్తుంది, రెగ్యులేటర్ హద్దు దాటకుండా ఆపుతుంది, మిగిలింది బ్యాటరీలోకి చేరుతుంది. రెక్టిఫైర్, రెగ్యులేటర్ పనులు రెండూ ఒకే డబ్బాలో జరిగితే దాన్ని షాపుల్లో ఆర్‌ఆర్ యూనిట్ అంటారు. బోరు నీళ్లు పోయనప్పుడు తొట్టి మార్చి ప్రయోజనం లేనట్టే, కాయిల్ కరెంటు ఇవ్వనప్పుడు బ్యాటరీ మార్చి ప్రయోజనం లేదు.

మీటర్లు అందరికీ అందని రోజుల్లో బండి చెప్పే గుర్తులనే మెకానిక్కులు చదువుకున్నారు. పాత బుల్లెట్ హెడ్‌లైట్ డూమ్ మీద ఒక చిన్న ఆంమీటరు ఉండేది. ఇంజను ఆపి లైటు వేస్తే ముల్లు ఎడమకు, అంటే ఖర్చు వైపు వాలాలి. ఇంజను నడిపి రేజు చేస్తే మధ్యకు వచ్చి, కుడికి, అంటే జమ వైపు కదలాలి. ఎంత రేజు చేసినా ముల్లు ఎడమనే ఉండిపోతే ఆల్టర్నేటర్ పని చేయడం లేదన్నమాట. ఐడిలింగ్‌లో ముల్లు కొద్దిగా కొట్టుకుంటే కంగారు అక్కర్లేదు, అది ఇగ్నిషన్ పాయింట్లు తెరుచుకుని మూసుకుంటున్న గుర్తు. ఆ కొట్టుకోవడాన్ని చూసే బుల్లెట్ వాళ్లు కిక్ కొట్టే సమయం కూడా పట్టేవారు. డీకంప్రెషన్ లివరు నొక్కి, కిక్ రాడ్డును మెల్లగా దించుతూ, ముల్లు మధ్యకు రాగానే లివరు వదిలి ఒక్క తన్ను తన్నేవారు.

జావాలో ముల్లు బదులు ఎర్ర బల్బు. ఆ బండి కరెంటు డైనమో నుంచి వచ్చేది. తాళం తిప్పితే బల్బు వెలగాలి, ఇంజను వేగం అందుకోగానే ఆరిపోవాలి. ఆరకపోతే మొదట చూడాల్సినవి కార్బన్ బ్రష్షులు. అరిగి పొట్టివైపోయాయా, స్ప్రింగు బిగువుందా, కమ్యుటేటర్ రాగి పట్టీల మధ్య గాడిలో నల్లని పొడి పేరుకుందా? అవన్నీ బాగుంటే అప్పుడు డైనమోను బ్యాటరీకి కలిపే కటౌట్ పాయింట్ల సంగతి. ఆ పాయింట్లు అతుక్కుపోతే ఇంజను ఆపాక బ్యాటరీ కరెంటు వెనక్కి డైనమోలోకి పారుతుంది. రాత్రి బాగున్న బండి పొద్దున్నకల్లా చల్లబడే కారణాల్లో ఇదొకటి.

ఆర్‌ఎక్స్ 100, సీడీ 100 తరం వచ్చేసరికి పరీక్ష మారింది. వీటిలో ఇంజను స్పార్కుకు వేరే కాయిల్ ఉంది కాబట్టి బ్యాటరీ చచ్చినా కిక్ కొడితే బండి నడుస్తుంది. హెడ్‌లైట్ నేరుగా ఏసీ మీద వెలుగుతుంది, హారన్, ఇండికేటర్లు డీసీ మీద పని చేస్తాయి. ఈ తేడా తెలిసినవాడికి సగం జబ్బు మీటరు తీయకుండానే తెలిసిపోతుంది. రేజు చేస్తే హెడ్‌లైట్ బాగా పుంజుకుని, హారన్ మాత్రం మూలిగితే లోపం బ్యాటరీ, రెక్టిఫైర్, చార్జింగ్ కాయిల్, ఫ్యూజు, ఈ నాలుగింటి మధ్య ఉంది. హెడ్‌లైట్ కూడా మిణుకుమంటే మాగ్నెట్ వైపు చూడాలి. వేగం పెంచినప్పుడల్లా బల్బులు వరసగా మాడిపోతుంటే రెగ్యులేటర్ చెడింది. ఆ బండికి బల్బులు మార్చుతూ పోవడం డబ్బు దండగ.

ఇప్పుడు మల్టీమీటరు ప్రతి షాపులోనూ ఉంది. దాన్ని ఏ వరుసలో వాడాలన్నదే నేర్పు. మొదట బ్యాటరీని ఫుల్లుగా చార్జి చేసి, కాసేపు ఆగి కొలవాలి. 12 వోల్టుల బ్యాటరీలో ఆరు గదులుంటాయి, ఆరోగ్యంగా ఉంటే 12.6 దాకా చూపిస్తుంది. 12.2 అంటే సుమారు సగం, 12 కంటే తగ్గితే ఖాళీ కిందే లెక్క. పాత 6 వోల్టుల బండికి ఈ అంకెలన్నిటినీ సగం చేసుకోవాలి. అంకె బాగున్నంత మాత్రాన నమ్మకూడదు. సెల్ఫ్ నొక్కినప్పుడు 10 కంటే బాగా కిందికి పడిపోతే ఒక గది పోయినట్టు. నీళ్లు పోసే రకమైతే హైడ్రోమీటరుతో ఒక్కో గదినీ చూడాలి. ఐదు గదులు ఒకలా, ఒకటి మరోలా ఉంటే ఆ బ్యాటరీ పని అయిపోయింది.

రెండో అడుగే అసలైనది. మీటరును బ్యాటరీ మీదే ఉంచి, ఇంజను స్టార్టు చేసి, నిమిషానికి 4 వేల, 5 వేల చుట్ల దాకా రేజు చేయాలి. అంకె 13.8 నుంచి 14.5 మధ్య నిలబడితే చార్జింగ్ బాగుంది, తప్పు బ్యాటరీదే. 12.5 దగ్గర కదలకుండా ఉంటే చార్జింగ్ ఎక్కడం లేదు. 15 దాటితే రెగ్యులేటర్ పట్టు తప్పింది, బ్యాటరీలో నీళ్లు తరిగిపోతాయి. కొత్త బ్యాటరీ కొనాలా వద్దా అన్నది తేల్చడానికి ఈ ఒక్క పరీక్ష చాలు. పట్టే సమయం ఐదు నిమిషాలు.

చార్జింగ్ ఎక్కడం లేదని తేలగానే కాయిల్ విప్పే తొందర వద్దంటారు అనుభవజ్ఞులు. ముందు దారి చూడాలి. ఆర్‌ఆర్ యూనిట్ నుంచి బ్యాటరీ ప్లస్‌కు, బ్యాటరీ మైనస్ నుంచి ఛాసిస్‌కు మధ్య, ఇంజను నడుస్తుండగా ఎంత వోల్టేజీ పోతోందో కొలవాలి. 0.3 వోల్టు కంటే ఎక్కువ పోతే ఎక్కడో ఎర్తు సరిగా అందడం లేదు, లేదా సాకెట్ మాడింది. ఈ ప్రాంతంలో అలాంటి లోపాలకు కొదవ లేదు. యూరియా, డీఏపీ బస్తాలు మోసే బళ్ల మీద రాలిన ఎరువు తేమ పీల్చి రాగిని తినేస్తుంది. బాపట్ల, చీరాల వైపు ఉప్పుగాలి అదే పని చేస్తుంది. పత్తి, మిర్చి నిలవ చేసిన కొట్టంలో బండి పెడితే ఎలుకలు వైర్లు కొరుకుతాయి. గరుకు కాగితంతో రుద్ది, సాకెట్ బిగిస్తే బాగయ్యే బండికి కాయిల్ మార్చడం అన్యాయం.

దారి బాగుంటే అప్పుడు కాయిల్. కాయిల్ చుట్టి ఉండే భాగమే స్టేటరు; మూడు ఫేజుల స్టేటరుకు మూడు వైర్లుంటాయి, చాలా బళ్లలో మూడూ పసుపే. సాకెట్ విడదీసి రెండేసి వైర్ల మధ్య ఓములు కొలిస్తే మూడు జతలకూ ఒకే అంకె రావాలి, అది సాధారణంగా 1 ఓముకు లోపే ఉంటుంది. ఏ వైరుకూ ఇంజను బాడీతో సంబంధం ఉండకూడదు. ఉంటే కాయిల్ షార్టయింది. చివరగా ఇంజను నడిపి ఏసీ కొలవాలి. వేగంతో పాటు అంకె పెరుగుతూ, మూడు జతలకూ సమానంగా వస్తే స్టేటరు నిర్దోషి, ఇక అనుమానం ఆర్‌ఆర్ యూనిట్ మీదే. వేడి దాని ప్రధాన శత్రువు. రెంటచింతల లాంటి చోట్ల మే నెల ఎండ ఒకవైపు, వానాకాలంలో దాని రెక్కలకు దట్టంగా అంటుకునే నల్లరేగడి బురద మరోవైపు. రెక్కలకు గాలి తగలకపోతే లోపలి డయోడ్లు మాడతాయి. బండి కడిగేటప్పుడు ఆ రెక్కలను కూడా కడిగితే చాలా బళ్లకు ఈ ఖర్చే రాదు.

కాయిల్ మాడితే మార్చాలా, చుట్టాలా? ఈ మైదానాల్లో రెండో దారి బలంగా నిలబడడానికి కారణం వ్యవసాయం. బోరు మోటార్లు తరచూ కాలే పల్లెలు ఇవి, అందుకే ప్రతి మండల కేంద్రంలోనూ మోటారు వైండింగ్ షాపు ఉంటుంది. ఆ చేతులే బండి స్టేటర్లనూ చుడతాయి. మంచి పనివాడు పాత తీగను విప్పుతూ ఒక్కో పోలుకు ఎన్ని చుట్లున్నాయో లెక్క రాసుకుంటాడు, తీగ మందాన్ని గేజ్‌తో కొలుస్తాడు, పక్కపక్క పోళ్లకు చుట్టే దిశ మారుతుందని గుర్తుపెట్టుకుంటాడు. తీగ కాస్త సన్నదైనా, చుట్లు తగ్గినా అంకె రాదు. స్టేటరు ఆయిల్లో మునిగి ఉండే ఇంజనైతే ఆ వేడికి, నూనెకు తట్టుకునే వార్నిష్ పోసి, బాగా ఆరబెట్టి గానీ బిగించడు. పాత బండికి ఒరిజినల్ విడిభాగం దొరకని చోట ఈ పనితనమే ఆ బండిని రోడ్డు మీద ఉంచుతోంది.

ఈ విద్య పక్కనే కొన్ని చెడ్డ అలవాట్లూ పెరిగాయి, వాటిని వదిలించుకోవాలి. నడుస్తున్న ఇంజనుకు బ్యాటరీ వైరు పీకి చార్జింగ్ ఉందో లేదో చూడడం అందులో మొదటిది. ఆ క్షణంలో ఎగసే వోల్టేజీకి ఆర్‌ఆర్ యూనిట్, స్పార్కును నడిపే సీడీఐ రెండూ పోవచ్చు. బ్యాటరీ రెండు టెర్మినళ్లకూ వైరు తాకించి నిప్పురవ్వ చూడడం రెండోది. పుల్లర్ లేక మాగ్నెట్‌ను సుత్తితో కొట్టి ఊడదీయడం మూడోది. ఆ దెబ్బలకు అయస్కాంత శక్తి తగ్గి, కాయిల్ బాగున్నా చార్జింగ్ చాలదు. పొలం దారి చీకటని పాత బండికి పెద్ద ఫాగ్ లైట్లు తగిలించడం యజమానులు చేసే తప్పు. 5 ఆంపియర్ అవర్ బ్యాటరీ మీద ఇంజను ఆపి 35 వాట్ల బల్బు ఒక్కటే వెలిగించినా రెండు గంటలు నిలవదు.

2017 ఏప్రిల్ నుంచి కొత్త బళ్లకు హెడ్‌లైట్ ఎప్పుడూ వెలిగే ఉండాలన్న నిబంధన వచ్చింది. దాంతో చార్జింగ్ మీద భారం పెరిగిందే గానీ తగ్గలేదు. అందుకే ఐటీఐల్లో ఎలక్ట్రీషియన్, మోటారు మెకానిక్ చదివే కుర్రాళ్లను కొన్ని నెలలైనా ఇలాంటి షాపుల్లో కూర్చోబెట్టాలి. షాపుల్లోని పెద్దలకు తెలిసిన వరుసను తెలుగులో, బండి బండికీ అంకెలతో సహా అచ్చువేయించే పని కూడా ఆ సంస్థలే తలకెత్తుకోవాలి. బండి యజమాని చేయగలిగింది ఒకటుంది. ఈసారి ఎవరైనా బ్యాటరీ మార్చాలని చెబితే, ‘ఇంజను రేజు చేసి మీటరు చూపించు భాయ్’ అని అడగండి. 14 దగ్గర అంకె నిలబడితేనే కొత్త బ్యాటరీకి డబ్బు తీయండి.