రాత్రిబడి పనితనం

పగలంతా నాట్లు వేసి వచ్చిన మనిషి చేత పలక పట్టించడం చిన్న పని కాదు. పెద్దవాళ్లకు చదువు చెప్పే వాలంటీర్లలో చేయి తిరిగినవాళ్లు అఆలతో మొదలుపెట్టరు. ముందు మాట్లాడిస్తారు: కూలి గురించి, నీళ్ల గురించి, అప్పుల గురించి. ఆ మాటల్లోంచే ఒక పదం తీసి బోర్డు మీద రాసి, అక్షరాలుగా విడదీస్తారు. రోజూ తమ నోట వచ్చే మాటే కంటికి కనిపించేసరికి బెరుకు తగ్గుతుంది. తప్పు రాస్తే నలుగురిలో ఎత్తిచూపరు, పక్కన కూర్చుని దిద్దిస్తారు. వయసుకిచ్చే ఆ మర్యాద కరువైతే మర్నాడు ఆ మనిషి బడికి రాదు. పాఠం ఎంత బాగున్నా సరే, రాదు.

పాఠం ఎంపికలోనూ గొప్ప నేర్పుంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమ వాచకంలో సారా దుకాణం మీద తిరగబడ్డ సీతమ్మ కథ పెట్టారు. చదివించి వదిలేయలేదు, చర్చ పెట్టారు. ఆ చర్చల ఊపులోనే అదే జిల్లాలోని దూబగుంట అనే ఊరి ఆడవాళ్లు తమ ఊళ్లో సారా దుకాణం మూయించారు. 1992లో ఆ పోరాటం జిల్లా అంతా పాకింది, 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ వాచకం రాసినవాళ్లకూ, రాత్రిపూట దాన్ని ఓపిగ్గా చెప్పినవాళ్లకూ చేతులెత్తి మొక్కుతాను.