ఎర్రదీపం కనుమరుగయ్యాక

రాత్రి మూడో జాము. సర్కస్ రైలు పరుగు తీస్తోంది. కొన్ని బోగీల్లో గుర్రాలు, ఏనుగులు, సింహాలు; కొన్నింట్లో తడిసిన డేరా గుడ్డలు, గుంజలు, వాటి పక్కనే ఒదిగి పడుకున్న కూలీలు; చిట్టచివర మెత్తని పరుపుల మీద యజమాని. ఆ నిద్రలోకి కొందరు దిట్టమైన మనుషులు చొరబడతారు. జీతం బాకీ అడిగినవాణ్ణి, జబ్బుపడి పనికి రాకుండా పోయినవాణ్ణి రెక్క పట్టుకుని లేపుతారు. తలుపు తీస్తారు. తోసేస్తారు. పడ్డవాడికి ఇంకా ప్రాణముంటే, తలెత్తగలిగితే, కళ్ళకు ఆనేది ఒక్కటే, రైలు తోకకు వేలాడుతూ దూరమైపోయే ఎర్రదీపం.

అయ్యో, ఎంత చవక అయిపోయింది మనిషి ప్రాణం! మూడు వారాల బాకీ దాని వెల.

ఈ రైలు సారా గ్రూయెన్ 2006లో వెలువరించిన ‘వాటర్ ఫర్ ఎలిఫెంట్స్’ నవలలోది. ఆ నవలను లోకమంతా ప్రేమకథగా గుండెకు హత్తుకుంది. 2011లో సినిమాగానూ చూసింది. ప్రేమకథే, కాదనను. 1931, అమెరికాను మహామాంద్యం నమిలేస్తున్న ఏడాది. కార్నెల్‌లో పశువైద్యం చివరి పరీక్షల ముందు జేకబ్ తల్లినీ తండ్రినీ ఒక్క రోడ్డు ప్రమాదంలో పోగొట్టుకుంటాడు. ఇల్లు బ్యాంకు తాకట్టులో ఉంది. పశువైద్యుడైన ఆ తండ్రి డబ్బివ్వలేని రైతుల దగ్గర గుడ్లూ చిక్కుళ్ళూ తీసుకుని వైద్యం చేసిన మహానుభావుడు. ఆ చేతికి ఏమి మిగులుతుంది? దిక్కులేని కొడుకు చీకట్లో కదిలిపోతున్న రైలెక్కుతాడు. అది సర్కస్ రైలు. అందులో గుర్రాల మీద వెన్నెలలా వాలే మార్లీనా ఉంది. ఆమె భర్త ఆగస్ట్ ఉన్నాడు. ఒక ఘడియ తేనె, మరు ఘడియ కొరడా. చితికిపోయిన సర్కసుల శిథిలాల మీద గద్దలా వాలి, మనుషుల్నీ మృగాల్నీ ఏరుకునే యజమాని ఉన్నాడు.

ఇంకా రోజీ ఉంది. ఆ ఏనుగు తలపుకొస్తే నా గొంతు పూడుకుపోతుంది. చెప్పిన మాట వినదని, మొద్దని ముద్ర వేశారు. ఒక మధ్యాహ్నం అది తనను కట్టేసిన మేకును తొండంతో తానే పెరికి, తాపీగా నడిచి వెళ్ళి, డేరా వెనక తొట్టెలోని నిమ్మరసం తాగి, తిరిగొచ్చి, ఆ మేకును ఉన్నచోటే మళ్ళీ భూమిలో దిగగొట్టి ఏమీ ఎరగనట్టు నిలబడింది. ఎంత తెలివి! ఎంత పసితనం! దానికి ఫలం అంకుశపు పోట్లు. చివరికి తెలిసిందేమిటి? దానికి పోలిష్ తప్ప మరో భాష రాదు. పోలిష్ ఇంట పుట్టిన జేకబ్ తన తల్లిదండ్రుల పలుకుతో పిలవగానే ఆ కొండ కరిగి కాలు మడిచింది. అన్నాళ్ళూ తిన్న దెబ్బలు మొండితనానికి కావు, భాష తెలియనందుకు! నోరులేని జీవమంటాం. నోరుంది తల్లీ నీకు, వినే చెవే ఆ డేరాలో కరువైంది.

ఇది కల్పనే కదా అని కన్నీళ్ళు తుడుచుకుందామంటే నిజం ఊరుకోదు. టెనసీ రాష్ట్రం ఎర్విన్‌లో 1916 సెప్టెంబరు 13న మేరీ అనే సర్కస్ ఏనుగును, మావటిని చంపిందని, రైల్వే క్రేనుకు గొలుసు కట్టి జనం చూస్తుండగా ఉరి తీశారు. మొదటి గొలుసు తెగింది. ఇంకొకటి తెచ్చారు.

మళ్ళీ ఆ రైలుకే వస్తాను. జేకబ్‌తో పాటు అందులో ఇద్దరున్నారు. ఒకడు వాల్టర్, పొట్టి బఫూన్, పుస్తకాలూ ఒక కుక్కపిల్లా తోడుగా బతికేవాడు. ఇంకొకడు కేమెల్, ముసలి కూలీ. మద్యనిషేధపు రోజుల్లో పేదవాడి నోటికి అందిన మత్తు జమైకా అల్లం మందు. కల్తీ చేసి అమ్మిన ఆ సీసాలు 1930లో వేలాది మంది కాళ్ళను చచ్చుపడేశాయి. కేమెల్ కాళ్ళూ వాటిలో చేరాయి. నడవలేనివాడికి ఆ రైల్లో చోటెక్కడిది? వాల్టర్ మొదట సణిగాడు, తర్వాత తన గదిలోనే ఆ ముసలివాణ్ణి దాచాడు, తినిపించాడు, కడిగాడు. నవలలోకెల్లా గొప్ప ప్రేమ నాకిక్కడే కనిపించింది. ముద్దు లేదు, వెన్నెల లేదు. కంపు కొట్టే బోగీ మూల ఒక మరుగుజ్జు చేయి ఒక చచ్చుబడిన కాలిని సర్దుతోంది.

ఒక రాత్రి ఆ గూండాలు వచ్చింది జేకబ్ కోసం. జేకబ్ ఆ వేళ బోగీల పైకప్పుల మీద ఉన్నాడు. దొరికినవాళ్ళు ఆ ఇద్దరే. వంతెన మీంచి విసిరేశారు. తిరిగొచ్చిన జేకబ్‌కు కుక్కపిల్ల ఒక్కటే మిగిలింది. ప్రేమ బతికింది, పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, జేకబ్ తొంభై దాటాడు. ఆ దీర్ఘాయువుకు వత్తిగా కాలిన ఇద్దరి ఊసు ఎందరు తలుచుకున్నారు?

అదే 1931 ఫిబ్రవరి 13న, నిజ ప్రపంచంలో, కోపెన్‌హేగన్‌లో లిలియన్ లైట్జెల్ నింగి నుంచి రాలింది. ఒంటిచేత్తో తాడు పట్టి, దేహాన్ని భుజం మీదుగా వందసార్లకు పైగా తిప్పే రాణి ఆమె. ప్రతి చుట్టుకీ భుజపు కీలు జారి మళ్ళీ కూర్చునేది, మణికట్టు ఒరుసుకుని రక్తమోడేది. ఆ రోజు చేయి జారలేదు, తాడును పట్టి ఉంచిన లోహం విరిగింది. భర్త ఆల్ఫ్రెడో కొడోనా, గాలిలో మూడు పిల్లిమొగ్గలేసే వీరుడు, బెర్లిన్ నుంచి పరిగెత్తుకొచ్చాడు. నాకేం కాదు, వెళ్ళి నీ ఆట నువ్వు ఆడుకోమని ఆమె పంపేసింది. 15న కన్ను మూసింది. కాలిఫోర్నియాలో అతను ఆమెకు కట్టించిన పాలరాతి గుర్తులో రెక్కలున్న పురుషుడు ఆమెను పొదివి పట్టుకున్నాడు.

ఆ రాతి ముందు కరిగిపోయేవాళ్ళను ఒక్కటి అడుగుతాను. వేరా బ్రూస్ ఏదీ? ఆ తర్వాత కొడోనా పెళ్ళాడిన మనిషి, అతనితో కలిసి ట్రెపీజ్ మీద ఎగిరిన మనిషి. విడిపోతానన్నందుకు 1937లో ఆమెను కాల్చి తానూ కాల్చుకున్నాడు. దాన్ని విరహమని పిలవకండి. ఆగస్ట్ చేతి అంకుశానికీ ఆ పిస్తోలుకూ ఒకే కొలిమి.

పేరైనా మిగలనివాళ్ళు ఇంకా ఉన్నారు. ఇండియానాలో హామండ్ దగ్గర, 1918 జూన్ 22 తెల్లవారుజామున, ఇరుసు వేడెక్కి ఆగిన హేగెన్‌బెక్-వాలెస్ సర్కస్ రైలును వెనక నుంచి ఖాళీ సైనిక రైలు గుద్దింది. దాన్ని నడిపేవాడు నిద్రపోతున్నాడు. కొయ్య బోగీలు, కిరసనాయిలు దీపాలు. 86 మంది పోయారు. ఇతర సర్కసులు మనుషుల్ని అప్పిచ్చాయి, రెండు ఊళ్ళలో మాత్రమే ఆట ఆగింది. పోయినవాళ్ళలో చాలామందిని షికాగో శివారు ఫారెస్ట్ పార్క్‌లో పాతిపెట్టారు. చుట్టూ రాతి ఏనుగులు. పనిలో చేరి పట్టుమని కొన్నాళ్ళైనా కాని కూలీల పేర్లు ఎవరికీ తెలియవు. ఒక రాయి మీద ‘బట్టతలవాడు’. ఒకదాని మీద ‘నవ్వుమొహంవాడు’. ఒకదాని మీద ‘నాలుగు గుర్రాల బండివాడు’. మరెన్నింటి మీదనో ‘తెలియని పురుషుడు’.

ఓ బండివాడా, నాలుగు కళ్ళేలు ఒక్క పిడికిట పట్టినవాడా, ఆ గుర్రాలను ఏమని పిలిచేవాడివి? ఏ ఊరి గుమ్మంలో ఏ మనిషికి మాట ఇచ్చి ఆ రైలెక్కావు? వస్తావని ఆమె ఎన్ని వేసవులు సర్కస్ కాగితాలు చదివించుకుంది? నీ కథ రాయడానికి ఎవరూ మిగల్లేదు, నీ పేరు చెప్పడానికైనా ఎవరూ మిగల్లేదు.