కనిపించని ఖాళీలకు కావలసిన పేర్లు

అచ్చుపుటలో అక్షరము ఎంత ముఖ్యమో, అక్షరముల నడుమనుండు ఖాళీ కూడ అంత ముఖ్యము. సీసపు అక్షరముల కాలములో ఈ ఖాళీ ఒక వస్తువు. అక్షరపు దిమ్మెకంటె పొట్టిగానుండు లోహపు ముక్కను మాటకు మాటకు నడుమ పెట్టెడివారు. అది పొట్టిది గనుక సిరా అంటదు. కాగితముపై తెల్లని చోటు మిగులును. ముక్క పలుచనిదో మందమైనదో కంపోజిటరు వ్రేళ్లకే తెలిసెడిది. నేటి కంప్యూటరు కూర్పులో ఖాళీకి రూపము లేదు, బరువు లేదు. మిగిలినది పేరొక్కటే. ఆ పేరు తప్పుదారి పట్టించినచో పనిచేయువానికి వేరొక ఆధారము లేదు. కనుక కూర్పు సాఫ్టువేరులు ఈ ఖాళీలకు పెట్టిన పేర్లను పరీక్షించి చూచుట అవసరము.

ముందు కొలతను గమనింతము. ఖాళీలను కొలుచు ప్రమాణమునకు ‘ఎమ్’ అని పేరు. ఇది అక్షరపు పరిమాణమునకు సమానమైన వెడల్పు. 12 పాయింట్ల అక్షరములలో ఒక ఎమ్ 12 పాయింట్లు, అనగా సుమారు 4.2 మిల్లీమీటర్లు. ఇందులో సగము ‘ఎన్’. ఈ పేర్లు రోమను లిపిలోని రెండు అక్షరములనుండి వచ్చినవి. మన లిపిలో వానికి సరిపోలు అక్షరములు లేవు; ‘ర’ ఇరుకైనది, ‘ఝ’ విశాలమైనది. కాని కొలత మాత్రము లిపితో నిమిత్తము లేనిది. పేరు పరాయిదైనను భావము సులభమే.

చిక్కు తరువాత వచ్చును. ‘థిన్ స్పేస్’, అనగా పలుచని ఖాళీ, ఎంత పలుచన? యూనికోడు పట్టిక ప్రకారము అది ఎమ్‌లో 1/5 వంతు, కొన్నియెడల 1/6 వంతు. గణితశాస్త్ర గ్రంథముల కూర్పునకు ప్రసిద్ధమైన లాటెక్‌లో 1/6 వంతు. పత్రికల కూర్పులో వాడు ఇన్‌డిజైన్‌లో 1/8 వంతు. 12 పాయింట్ల అక్షరములలో ఇవి వరుసగా 2.4, 2, 1.5 పాయింట్లు. పేరు ఒకటే, కొలతలు మూడు! ‘థిక్ స్పేస్’ సంగతియు అంతే. యూనికోడు పట్టికలో అది 1/3 వంతునకు మారుపేరు. లాటెక్‌లో 5/18 వంతు. ఇక లాటెక్‌లో ‘మధ్యమము’ 4/18 వంతు గనుక, మధ్యమమునకు మందమునకు గల భేదము 12 పాయింట్లలో ఒక మిల్లీమీటరులో నాల్గవ వంతుకంటె తక్కువ. పేర్లు విని ఎంతో తేడా ఊహించిన విద్యార్థికి కాగితముపై తేడాయే కనబడదు.

ఈ విషయములో ఇన్‌డిజైన్‌ను కొంత మెచ్చుకొనవలెను. అందు మూడవ వంతు, నాల్గవ వంతు, ఆరవ వంతు అను అర్థము నిచ్చు పేర్లు గలవు. యూనికోడు అదే మూడవ వంతును ‘త్రీ పర్ ఎమ్’ అని పిలిచినది. ఎమ్‌కు మూడు అని దాని భావము. కాని తొందరలో చదివినవానికి మూడు ఎమ్‌లు అని తోచును. వంతును సూటిగా చెప్పిన పేరే మేలు.

అసలు ఖాళీకి వెడల్పు ఒక్కటే గుణము కాదు. మూడు ప్రశ్నలకు సమాధానము కావలెను. దాని వెడల్పు ఎంత? పంక్తిని రెండంచులకు సరిచేయునపుడు అది సాగునా, సాగదా? దానివద్ద పంక్తి విరుగునా, విరుగదా? సాధారణముగా పేరు వీనిలో ఒక్కదానికే జవాబు చెప్పి ఊరకుండును. దీని ఫలితము చూడుడు. అంగలకుదురులో ఒక ఉపాధ్యాయుడు భౌతికశాస్త్ర ప్రశ్నపత్రము సిద్ధము చేయుచున్నాడనుకొందము. ‘25 మీ.’ అనుచోట సంఖ్యకు ప్రమాణమునకు నడుమ ఇరుకైన చోటు కావలెనని ‘థిన్ స్పేస్’ ఎన్నుకొనును. యూనికోడు నియమముల ప్రకారము దానివద్ద పంక్తి విరుగవచ్చును. 25 పై పంక్తి చివర, ‘మీ.’ క్రింది పంక్తి మొదట పడును. తొందరలోనున్న విద్యార్థి ఆ ‘మీ.’ని తరువాతి మాటతో కలిపి చదువును. ఆయనకు కావలసినది ‘నారో నో-బ్రేక్ స్పేస్’. ఇక అంకెల వెడల్పు గల ‘ఫిగర్ స్పేస్’ వద్ద పంక్తి విరుగదు; కాని ఆ సంగతి దాని పేరు చెప్పదు.

తెలుగువారికి మరింత నష్టము కలిగించు పేరు వేరొకటి కలదు. ‘రాజ్‌కుమార్’ అని వ్రాయవలెనన్న జకారపు పొల్లు తరువాత వెడల్పు లేని గుర్తు నొకదానిని ఉంచవలెను. లేనిచో ‘రాజ్కుమార్’ అని కకారము వత్తుగా మారును. ఈ గుర్తుకు యూనికోడు పెట్టిన పేరు ‘జీరో విడ్త్ నాన్ జాయినర్’, అనగా కలుపనిది. మైక్రోసాఫ్ట్ వర్డ్‌లోని ప్రత్యేక చిహ్నముల జాబితాలో ఇదే గుర్తు ‘నో-విడ్త్ ఆప్షనల్ బ్రేక్’ అను పేరుతో కూర్చున్నది. లిబ్రెఆఫీస్‌లో ఆ పేరుతోనే వచ్చునది వేరొక గుర్తు: పంక్తి విరుగుటకు చోటు చూపు శూన్యపు ఖాళీ. తెరమీద రెండును ఒకేవిధముగా కనబడవచ్చును. కాని రెండవదానితో మనుష్యుని పేరు పంక్తి చివర రెండు ముక్కలు కావచ్చును; వెదకునపుడు ఒకదానితో వ్రాసిన పేరు రెండవదానికి దొరకకపోవచ్చును. విద్యార్థుల పేర్ల పట్టికలో ఇట్టి తేడా చిన్నది కాదు.

పాత పేర్లు నిపుణులకు అలవాటైనవి, మార్చినచో తికమక అని కొందరు వాదింతురు. ఈ వాదములో సత్యము లేకపోలేదు. కాని పాత పేరును తొలగించుమని ఎవరును కోరుటలేదు; ప్రక్కనే కొలతయు గుణమును చేర్చిన చాలును. మిల్లీమీటర్లలో చెప్పుట కుదరదు, అక్షరపు పరిమాణముతో ఖాళీయు మారును గనుక. వంతు మాత్రము మారదు. ‘పలుచని ఖాళీ, 1/6, సాగదు, విరుగదు’ అని వ్రాసిన, ఆరవ తరగతి భిన్నములు నేర్చిన బాలునికైనను బోధపడును. తెలుగులో అర, పావు, వీసము అను భిన్నముల పేర్లు తరతరములుగా ఉన్నవి. తెలుగు తెరలకు ‘అర ఖాళీ’, ‘పావు ఖాళీ’ అను పేర్లు ఎంతయు సహజముగా ఇముడును. ఇంగ్లీషు పేర్లను మక్కికి మక్కి తెలిగించినచో వాని లోపములుకూడ మనకు సంక్రమించును.

పాఠశాలలో దీనిని పరీక్షించుట సులభము. అక్షరములను 72 పాయింట్లకు పెంచి, రెండు నిలువు గీతల నడుమ పలుచని ఖాళీని ఉంచి అచ్చు తీసి, స్కేలుతో కొలువుడు. 1/5 వంతైన సుమారు 5.1, 1/6 వంతైన 4.2, 1/8 వంతైన 3.2 మిల్లీమీటర్లు ఉండవలెను. గీతల కిరుప్రక్కల ఉండు సహజమైన చోటును, ఖాళీ లేకుండ అచ్చు తీసి కొలిచి, తీసివేయవలెను. వేరు వేరు సాఫ్టువేరులలో, వేరు వేరు ఫాంట్లలో ఇట్లే చేసి ఫలితములను పట్టికగా వ్రాసినచో, ఏ పేరు నమ్మదగినదో ఏది కాదో విద్యార్థులే నిర్ణయింపగలరు.